కొరమీను కంటికి మూడు దారాలు

నా చిన్నప్పుడు, గనులు మూతపడిన కొత్తలో, మా ఇంట్లో వారం రోజులు ఒకే ఒక్క చేప గురించి మాట్లాడుకున్నాం. కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో గని కార్మికుల లైను ఇళ్ళల్లో మాదొకటి. అమ్మకు కడుపు ఆపరేషన్ జరిగింది. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిందే గానీ గంజి తప్ప ఏమీ ముట్టేది కాదు. గోడ పట్టుకుని వాకిలి దాకా నడిచి అక్కడే కూలబడేది. పక్కింటి తమిళ అవ్వ వచ్చి చూసి, కొరమీను చారు తాగిస్తే కుట్లు తొందరగా మానతాయని చెప్పింది. "అదైతే తాగుతానేమో" అంది అమ్మ. ఆమె నోట తిండి మాట వచ్చి ఎన్నాళ్ళో అయింది. తొమ్మిదేళ్ళ నేను ఆ మాటను గట్టిగా పట్టుకున్నాను.

మా తాత, అంటే అమ్మ వాళ్ళ నాన్న, ముప్పై ఏళ్ళు భూమి అడుగున పనిచేసిన మనిషి. గని మూసేశాక గాలం పట్టుకుని బూదికోట వైపు చెరువులకు వెళ్ళేవాడు. నాకు దసరా సెలవులు. కొరమీను తేకుండా ఇంటికి రానని చెప్పి ఆయన వెంట బయలుదేరాను.

మొదటి రోజు ఒక్కటీ పడలేదు. గట్టు మీద మాకు కాస్త దూరంలో గాలం వేసుకుని కూర్చున్న మామ ఒకాయన మమ్మల్ని చూసి నవ్వాడు.

"ఏమప్పా, తెల్లదారం కట్టుకోని వచ్చినావే. చేపకి కండ్లు లేవనుకుంటివా? పచ్చనీళ్ళకి పచ్చదారమే కట్టల్ల."

"ఉండాయిలేప్పా కండ్లు" అన్నాడు తాత. "నీ పచ్చదారానికి పొద్దన్నుంచి ఎన్ని పడినాయి?"

మామ తన ఖాళీ బుట్ట వైపు చూడకుండా, "ఇంగా పొద్దుండాది" అన్నాడు.

తాత నవ్వేశాడు గానీ నేను నమ్మేశాను. తప్పంతా దారం రంగుదే అనిపించింది. సాయంత్రం ఆ మామను బతిమాలి మూర పొడవు పచ్చదారం అడిగి తెచ్చుకున్నాను. ఇంటికొచ్చి ఇంకో తెల్లదారం ముక్కకు నా బడి పెన్నులోని సిరా పట్టించి నల్లగా చేశాను. మూడింటిలో ఏదో ఒకదానికి చేప మోసపోకుండా ఉంటుందా అనుకున్నాను.

రెండో రోజంతా దారాలు మార్చడమే పని. గాలం నీళ్ళలో పడి కాసేపయిందో లేదో పైకి తీసి ఇంకోటి కట్టేదాన్ని. గట్టు మీద అటూ ఇటూ పరిగెత్తి చోటు మార్చేదాన్ని. "సుమ్మనే కూచో పాపా, కదలొద్దు" అని తాత ఎన్నిసార్లన్నాడో. కొరమీను గాలి పీల్చుకోవడానికి పైకి రాక తప్పదు. మధ్యాహ్నం రెల్లు పక్కన ఒకటి తల ఎత్తి గుటకేసింది కూడా. నేను ఎగిరి లేచి నల్లదారం కోసం పరిగెత్తాను. అది మళ్ళీ కనిపించలేదు. ఇంటికొచ్చాక అమ్మ ఖాళీ సంచిని చూసింది. గోడ వైపు తిరిగి పడుకుంది.

మూడో రోజు తాత వెళ్ళగానే గాలం వేయలేదు. ఒక వెదురుకట్టెకు మూడు దారాలూ వేలాడదీసి, తూము దగ్గర నీళ్ళు తేటగా ఉన్నచోట గుచ్చాడు. నన్ను నడుము లోతు వరకు దింపి, తాను రాతిమెట్టు మీద నిలబడి నా చెయ్యి పట్టుకున్నాడు.

"మునిగి కండ్లు తెరిచి పైకి చూడు. తెల్లదేదో, నల్లదేదో చెప్పు."

మునిగాను. మూడుసార్లు మునిగాను. పైన ఆకాశం వెలుగు. ఆ వెలుగుకు అడ్డంగా మూడు సన్నటి నల్లటి గీతలు. ఏది ఏదో తెలియలేదు.

"మరి ఇంగేం కనపడె?"

కనిపించింది ఆయనే. ఆయన తెల్లచొక్కా ఇంత పెద్దదై ఊగింది. చెయ్యి కదిపితే వెలుగంతా చెదిరింది. మళ్ళీ మునగమని, ఈసారి మడమతో మెట్టు మీద ఒక్క దెబ్బ కొట్టాడు. ఆ చప్పుడు నా నెత్తిన మొట్టినట్టే తగిలింది. నిన్నంతా ఆ గట్టు మీద నేను ఎంత తొక్కానో గుర్తొచ్చింది.

పళ్ళు టకటకలాడుతూ బయటికి వస్తే తువ్వాలు చుట్టి అన్నాడు, "గనిలో దీపం ఆరిపోతే ఎవురి గుడ్డలు ఏ రంగో ఎవురికి కావాల తల్లీ? రాయి యాడ పలకతా ఉండాదో వింటా కూచుంటాం. చేప కూడా అట్లే."

తెల్లచొక్కా విప్పి సంచిలో పెట్టాడు. ఏ దారం కట్టమంటావని నన్నే అడిగాడు. "తెల్లదే. అదే గట్టిగా ఉంది" అన్నాను. తుమ్మపొద వెనక కూర్చున్నాం. కదలనని నాకు నేనే ఒట్టు పెట్టుకున్నాను. కాళ్ళు తిమ్మిరెక్కాయి. చీమ ఒకటి తొడ మీద కుట్టి, తీరిగ్గా ఇంకోచోట కుట్టింది. ఎండ నడినెత్తికి వచ్చాక రెల్లు కదిలింది. దారం సర్రున సాగింది. "ఇప్పుడొద్దు, మింగనీ" అని తాత గుసగుసలాడాడు. తర్వాత ఇద్దరం కలిసి లాగాం. నా చెయ్యంత పొడుగు కొరమీను.

గట్టు మీది మామ పరిగెత్తుకొచ్చాడు. "ఏ దారానికి పడె?"

"దారానికి కాదప్పా. పాప పిర్ర కదపలేదు, దానికి పడె" అన్నాడు తాత.

ఆ సాయంత్రం అమ్మ గిన్నెడు చారు తాగింది. గిన్నె నా చేతికిస్తూ, "ఇంకొంచెం ఉండాదా?" అని అడిగింది.

ఇప్పుడు నాకొక కూతురు. పద్నాలుగు నెలలు. నెల రోజులుగా అన్నం ముద్ద చూస్తే మొహం తిప్పుకుంటోంది. ఎర్ర గిన్నెలో పెట్టమన్నారొకరు, పసుపుపచ్చదైతే పిల్లలు ఇష్టపడతారన్నారు ఇంకొకరు. మా వంటింట్లో ఇప్పుడు ఐదు రంగుల గిన్నెలున్నాయి. పాప బరువు తగ్గిందేమోనన్న భయంతో రోజుకు రెండుసార్లు ఎత్తుకుని చూస్తున్నాను.

ఈరోజు పాప పడుకున్నాక ఆమె కూర్చునే చోట నేలమీద చతికిలబడి పైకి చూశాను. నేను చెంచా పట్టుకుని నిలబడే చోటు ఎంతో ఎత్తున ఉంది. అక్కడ గిన్నె పట్టుకుంటే ఇక్కడికి దాని అడుగు తప్ప ఏమీ కనిపించదు. కనిపించేదల్లా పొయ్యికీ, మోగే ఫోనుకీ, ఆమెకూ మధ్య పరిగెత్తే నేనూ, నా కంగారు మొహమూ. నా అడుగుల చప్పుడు ఎంతో ఆమె చెవికే తెలియాలి.

రేపు పొద్దున ఫోను పక్కగదిలో పెట్టేస్తాను. చేతికి ఏ గిన్నె వస్తే అది తీసుకుని, ఆమె ఎత్తుకు దిగి కూర్చుంటాను. కాళ్ళు తిమ్మిరెక్కినా లేవను.