ఉస్తాద్ గుంజిన ఇరుసు

సూర్యాపేట మోటరు షెడ్డు ఉస్తాద్ పోయిండు. నా బిడ్డను, మూడు నెలల మనుమరాలిని కోదాడల అత్తగారింట్ల దించి రెండు దినాలైంది. నేను ఇంక అక్కడ్నే ఉన్న. సూర్యాపేట నుంచి బస్సు తెచ్చిన డ్రైవరు గుమ్మంలనే నిలబడి, "కాకా, ఉస్తాద్ నిన్న పొద్దుగూకంగ పోయిండే, గుండె ఆగింది" అన్నడు. ఒళ్ళో మనుమరాలు నవ్వుతున్నది. ఈ పిల్ల పుట్టినకాడికెళ్ళి నా అంత సంతోషం ఉన్న మనిషి ఈ లోకంల లేడని అందరికీ చెప్పుకుంట తిరుగుతున్న. ఆ పిల్లనే పట్టుకొని ఏడ్చిన.

నేను చదివింది నాలుగో తరగతి. మిర్యాలగూడ షావుకారు కారు నడిపి బతికినోణ్ణి. రాతల తప్పులుంటయి, మన్నించుండ్రి. ఉస్తాద్ ఎవరికీ చెప్పని ఒక సంగతి నేను రాయాలె.

షావుకారు కారు పట్నంల నవాబు కొడుకు నడిపి అమ్మిన రేసు కారు. ముందట రెండు సీట్లు, వెనక మూత తీస్తే డిక్కీల ఇంకో ఇద్దరు కూసుంటరు. అప్పటికే ముసలిది. వెనక ఇరుసు పండ్లచక్రాలు అరిగి, అది వస్తుంటే ఊరవతలికి ఏడుపు వినవడేది. ఉస్తాద్ అనేటోడు: "సప్పుడొస్తే భయపడకు భాయ్, బండి తన బాధ చెప్పుకుంటున్నది."

బిడ్డ అంపకానికి ఆ కారు తీస్కపొమ్మన్నడు షావుకారు. నా కాళ్ళు నేల మీద ఆగలే. పెండ్లిపిల్ల, పిల్లగాడు డిక్కీల కూసొని మా సూర్యాపేట బజారు నడుమ నుంచి కోదాడకు పోవాలె, జనం చూడాలె. ఆ ఏడుపుకు నలుగురు నవ్వుతరని, షావుకారుకు తెలిస్తే కొలువు పోతదని తెలిసి కూడ, ఇరుసు డబ్బాల రంపపుపొట్టు పోసిన. సప్పుడు ఖతం.

అంపకం నాడు పొద్దుగాల చక్రాలకు గాలి కొట్టించుకుందామని షెడ్డుకు పోయిన. ఉస్తాద్ ఏ బండి కిందికి దూరినా ముందు మడ్‌గార్డు మీద రెండు సార్లు తట్టేటోడు, ఇంట్లకు రావొచ్చునా అని అడిగినట్టు. ఆ రోజు తట్టలే. చెవి పెట్టి నిలబడ్డడు.

"భాయ్, గీ ముసలమ్మ ఎప్పటిసంది మౌనం పట్టింది?"

"గ్రీజు పెట్టిన ఉస్తాద్."

"గంత మంచి గ్రీజైతే జర నాకూ తెచ్చియ్యి. నా ఇంటిదానికి పెడ్త."

నేను నవ్విన. ఆయన కిందికి దూరి ఇరుసు డబ్బా బిరడా విప్పిండు. నూనెల పొట్టు. వేళ్ళ నడుమ రుద్దుకొని నా మొఖం చూసిండు. ఇంకేం దాగిందోనని బండి అడుగు ఫ్రేము తుడిచి కిరసనాయిలు పూసిండు, మళ్ళ తుడిచి సున్నప్పొడి జల్లిండు. ఇనుము చీలితే చీలికల దాగిన నూనె సున్నాన్ని తడుపుతదట. ఎడమ స్ప్రింగు పైన తల వెంట్రుకంత నల్లగీత లేచింది. సరిగ్గ డిక్కీ కింద.

"పట్టీ పెట్టి రివిట్లు కొట్టాలె. నాలుగు రోజులు."

"జరసేపైతే అంపకం ఉస్తాద్. మెల్లగ పోత."

"నువ్వు మెల్లగ పోతవ్. మునగాల కాడి గుంతలు మెల్లగ రావు."

నేను ఇంటికురికి అల్లుణ్ణి, పెద్దమనుషుల్ని పిల్చుకొచ్చేలోపల ఆయన చక్రం ఊడదీసి, ఇరుసు గుంజి లోపల పెట్టి తాళం ఏసిండు.

"నా బిడ్డ అంపకం ఆపుతున్నవా?" అన్న.

"బండిని ఆపిన. బిడ్డను ఎవరాపిన్రు?"

అప్పుడు అందరి ముందట నేనన్న మాట ఇది: "నీకు బిడ్డలు లేరు, నీకేం తెలుస్తది."

చేతులు తుడుచుకుంటున్నోడు ఆగిపోయిండు. పొట్టు సంగతి ఒక్క మాట బయటపెడితే నా నోరు మూతపడేది. పెట్టలే. నా బిడ్డ ఎడ్లబండిల పోయింది.

నాలుగోనాడు షావుకారు చెప్పిండు, జాకీ మీద లేపంగనే ఫ్రేము ఆ గీత కాడ రెండు ముక్కలైందట. ఎట్లయిందని ఆయన అడిగితే, "ముసలిదైంది" అన్నడట ఉస్తాద్. నా కొలువు నిలిచింది. నా బిడ్డ పానం నిలిచింది.

కోపం ఆనాడే పోయింది. సిగ్గు పోలే. ఏడాదిన్నర ఆ షెడ్డు ముందట తల వంచుకొని నడిచిన. మొన్న బిడ్డను దించ కోదాడకు బయలెల్లిన నాడు బస్సు అక్కడ నెమ్మదైంది. ఉస్తాద్ బయటనే మట్టితోటి చేతులు తోముకుంటున్నడు. మనుమరాలు నా ఒళ్ళోనే ఉన్నది. ఆపు అంటే బస్సు ఆగేది. పిల్ల నిద్రపోతున్నది, వచ్చేటప్పుడు దిగుదాంలే అనుకున్న.

వార్త తెచ్చిన బస్సులనే తిరిగొచ్చిన. షెడ్డు కాడనే దిగిన. ఉస్తాద్ భార్య గోడకానుకొని కూసున్నది. "నీ బిడ్డ సంగతి లారీలోళ్ళను అడిగేటోడు. కాన్పు సుఖంగ అయిందంటే ఆ రోజు అందరికీ చాయ్ పోయించిండు" అన్నది. పొట్టు సంగతి ఆమెకు కూడ తెల్వదు. నేనే చెప్పిన, అంతా చెప్పిన. ఆమె, "మనుమరాలి పేరేం పెట్టిన్రు?" అని అడిగింది.

బయట నాలుగు లారీలు ఆగి ఉన్నయి. రిపేరుకు రాలే, ఊకనే ఆగిన్రు. పోయే ముందట ఒక్కొక్క డ్రైవరు, ఉస్తాద్ చూసినట్టే, వంగి తన బండి వెనక అడుగు చూసుకున్నడు. మా బస్సు డ్రైవరైతే రోడ్డు మీద ఎల్లకిల పండుకొని లోపలికి జరిగిండు. ఫ్రేమును చేత్తోని తడుముతున్న సప్పుడు కొద్దిసేపు వినవడ్డది, తర్వాత ఆగింది. లోపల కూసున్నోళ్ళు ఎవరూ తొందర పెట్టలే. ఎర్రదుమ్ము పట్టిన ఆ రెండు కాళ్ళు అట్లనే బస్సు బయట ఉన్నయి, కదలకుండ.