ముప్పై మీటర్ల టేపు

2003 జూన్ 16, సోమవారం నాడు నేను మదనపల్లెలో, భూగర్భ జలాల కొలతలు చూసే కార్యాలయంలో గణాంక సహాయకురాలిగా చేరాను. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో మాకు 64 పరిశీలక బోర్లు ఉండేవి. ఒక్కో బోరుకు ఆ ఊరివాడే కొలతగాడు. నెలకొకసారి గుండు కట్టిన టేపు దింపి, నీళ్లు అందిన లోతును కార్డు మీద రాసి పంపేవాడు.

పాత కార్డులతో కలిపి 66 నెలలవి, మొత్తం 4,224 వరుసలు, ఏడాదిలో కంప్యూటర్‌కు ఎక్కించాం. ఆఫీసుది విండోస్ యంత్రం. దాని మీదే లినక్స్ ఆదేశాలు నడిపించే సిగ్విన్ అనే సాఫ్ట్‌వేర్‌ను ఒక పత్రికతో వచ్చిన సీడీలోంచి పెట్టుకున్నాను. బొమ్మలుండవు, నల్లతెర మీద ఆదేశం టైపు చేయాలి.

"ఏందక్కా అది, వైరస్సు గాని పట్టిండాదా?" అనేది టైపిస్టు సరోజ. రెండు వాక్యాలు వివరించేలోపు క్యారియర్ తీసుకుని వెళ్లిపోయేది. నేను ఆ తెర ముందే తినేదాన్ని. దొరికింది చెప్పుకోవడానికి గదిలో ఇంకొకరు లేరు.

సార్ట్ అనే ఆదేశం వరుసలను క్రమంలో పెడుతుంది. యూనిక్ అనేది ఒకేలా ఉన్నవి ఎన్నో లెక్కిస్తుంది. నెల వదిలేసి, బోరు నంబరు, లోతు మాత్రమే వాటికి ఇచ్చాను. మొదటిసారి లెక్క తప్పింది. కొన్ని ఫైళ్లలో విండోస్ వరుస చివర పెట్టే కనబడని గుర్తు ఉంది. కంటికి ఒకటే అయినవి యంత్రానికి వేరు. అది తీసేశాక, 2004 జులై మొదటి వారంలో, ఒక వరుస పైకి వచ్చింది. కుప్పం వైపు 47వ నంబరు బోరు, 30.00, పద్నాలుగు సార్లు.

నీళ్లు పద్నాలుగు నెలలు ఒకే లోతున నిలవవు. బోరు దగ్గరికి పోకుండా రాసినదాన్ని మేము అరుగు కొలత అనేవాళ్లం. కొలతగాడు వెంకటప్పను తొలగించాలని ఆ రోజే నోటు పెట్టాను. ఆయన పదకొండేళ్లుగా ఆ పని చేస్తున్నాడు. తొలగించే ముందు విచారణ జరపాలన్నది నియమం. డిప్యూటీ డైరెక్టర్ గారు నన్నే పంపారు.

పుంగనూరు మీదుగా బస్సులో వెళ్లాను. వెంకటప్ప ఎదురొచ్చి, "రామ్మా, ఇంత ఎండలో వస్తివే" అన్నాడు. కొలిచి చూపమన్నాను. టేపు మొత్తం దిగింది. గుండు పొడిగానే పైకి వచ్చింది.

"ముప్పై మీటర్లకు టేపు అయిపోతాదమ్మా. నీళ్లు ఇంకా యాడుండాయో నాకెట్ల తెలుస్తాది? అందుకే పక్కన 'కింద' అని రాస్తాండా."

తన నోటుబుక్కు తెచ్చాడు. "30 కింద" అని పద్నాలుగు చోట్ల ఉంది. కార్డుల మీదా అదే రాసి పంపాడు. కంప్యూటర్‌లో లోతు రాసే గడిలో అంకె తప్ప మరేదీ ఎక్కించరాదని టైపిస్టులకు ఉత్తర్వు ఇచ్చింది నేను. తేదీ 21-7-2003. సంతకం నాది.

"నేను పోకుండా రాస్తాండానని ఎవరు సెప్పినారమ్మా?"

నేనే అన్నాను.

ఆయన టేపు మెల్లగా చుట్టి, గుండు తుడిచి గోతంలో పెట్టాడు. "టీ తాగి పోండి మేడం" అన్నాడు.

నోటును రాతపూర్వకంగా ఉపసంహరించుకున్నాను. ఫైళ్లలో వ్యాఖ్యకు ఒక గడి చేర్చాను. వంద మీటర్ల టేపు పంపించాం. ఆగస్టు కొలత 41.35. తర్వాత ఆరేళ్లు ఆయన కార్డులు తేదీ తప్పకుండా వచ్చాయి. నేను రెండుసార్లు ఆ ఊరు వెళ్లాను. రెండుసార్లూ మేడం అనే పిలిచాడు.

యూనిక్ చెప్పిన పద్నాలుగు సరైనదే. ఎందుకు పద్నాలుగు అన్నది దాని పని కాదు, నా పని. ఆ తర్వాత ఎవరి మీద నోటు రాయాల్సి వచ్చినా, ముందు వాళ్ల చేతిరాత కాగితం తెప్పించుకుని చదివాను.