ఐదో బల్బు

చర్ల దగ్గర గోదావరి ఒడ్డున ఉన్న ఐదు ఊళ్లకూ వరద హెచ్చరిక పంపేది లక్ష్మీనర్సే. టవరు గదిలో అతను మీట నొక్కితే ఐదు ఊళ్ల మైకులూ ఒకేసారి మోగాలి. ముందు విన్న ఊరే సామాను తరలించే ట్రాక్టర్లన్నీ పట్టుకుపోతోందని తగాదాలొస్తే, ఊరికొకటిగా ఉన్న ఐదు మైకు పెట్టెలూ బదులిచ్చాకే మోగేలా అమర్చింది అతనే. పెట్టె బదులిస్తే గదిలో దాని బల్బు వెలుగుతుంది. నిరుడు వరద వేళ ఐదో పెట్టె బ్యాటరీ చచ్చింది. దాని బదులు కోసం ఆగి మిగతా నాలుగూ పదకొండు నిమిషాలు మూగగా ఉన్నాయి. హెచ్చరిక అందక, ఆఖర్న ఎడ్లను విప్పబోయిన రైతు సమ్మయ్య కొట్టుకుపోయాడు. గోదారమ్మ కోపమని ఊరు సరిపెట్టుకుంది. నర్సు సరిపెట్టుకోలేదు. ఐదింటి కోసం ఆగకుండా, పలికిన ఊళ్లకే పంపే మీట ఇంకొకటి పెట్టాడు. అయినా రోజూ పొద్దున పరీక్షవేళ, ఐదో బల్బు వెలిగేదాకా అతని చేతిలోని ముద్ద నోటికి చేరదు.

ఈరోజు నీళ్లు నిజంగానే పొంగాయి. మొదటి మీట నొక్కితే నాలుగు బల్బులే వెలిగాయి. సమ్మయ్య భార్య జంపక్క తడిసిన చీరతో గుమ్మంలోకొచ్చింది.

"ఏంది తమ్మీ, ఇంకా మోగలే?"

"ఐదో ఊరు పలుకుతలేదక్కా. నాలుగిటికే మోగితే ట్రాక్టర్లన్నీ పోతయ్. ఆళ్లను నేనే ముంచినట్టు."

"నిరుడు ఇట్లనే ఆగినవ్, మాయన పోయిండు, సాలదా? నొక్కు. ఆళ్లకు నేను ఉరికి చెప్త."

నర్సు రెండో మీట నొక్కాడు. నాలుగు ఊళ్లు ఒకే గొంతుతో అరిచాయి. జంపక్క అప్పటికే ఏటి గట్టు మీదికెక్కింది. ఐదో ఊరు కిలోమీటరున్నర దూరం. నర్సు గడియారం వైపు చూడటం మొదలెట్టాడు.