తడి ఇసక మీద బదనిక

నా చిన్నప్పుడు వేమూరులో మా మామిడిచెట్టు కొమ్మ ఒకటి గాలివానకు విరిగిపడింది. దానికి కరుచుకుని బెత్తెడు బదనిక మొక్క ఉంది. ఇవాళ ఇలాంటిదాన్నే ఆర్కిడ్ అని అందరూ ముచ్చటపడతారు గానీ, అప్పటి మా రైతుల లెక్కలో బదనిక అంటే చెట్టు సారం పీల్చే దొంగ. కొమ్మతోపాటు దాన్నీ పొయ్యిలో పెట్టబోతుంటే నేను అడ్డం పడ్డాను. మా తాతయ్య నవ్వి, "సరేనమ్మా, పూయించు చూద్దాం. పూయకపోతే మాత్రం పొయ్యిలోకే" అన్నాడు.

వరి పండించే ఇంట్లో పుట్టినదాన్ని. మొక్క అంటే బురద, నీళ్ళు అనే నాకు తెలుసు. పాత కుండలో నల్లమట్టి కూరి, దాన్ని మెడలోతు పాతి, పూటకో చెంబు పోశాను. మా మడిలో లాగే కుండలోనూ నీళ్ళు నిలిచి ఉండేవి. వారం తిరిగేసరికి ఆకులు పసుపుబారాయి. పీకి చూస్తే వేళ్ళు కుళ్ళి చేతికొచ్చాయి. ఆ పూట అన్నం ముట్టలేదు. మొక్క పోతుందన్న దిగులు ఒకటైతే, తాతయ్య దగ్గర మాట పోతుందన్న దిగులు ఇంకొకటి.

తాతయ్య కుళ్ళిన వేళ్ళు కత్తిరించి, మిగిలినదాన్ని పీచు ఉన్న కొబ్బరి డొక్క మీద అరటినారతో కట్టి, వసారాలో మంచినీళ్ళ కుండల పైన వేలాడదీశాడు. ఆ కుండల కింద ఇసక ఎప్పుడూ తడిగా ఉండేది. "ఇక నీళ్ళు నా వంతు. నువ్వు చెంబు ముట్టుకోమాక" అన్నాడు. నాకు రోషం వచ్చింది గానీ చెంబు జోలికి పోలేదు.

పదిహేను రోజులకు కొత్త వేరు తొంగిచూసింది. ఎన్ని చెంబులు పోశావని అడిగాను.

"అసలు పొయ్యలేదమ్మా. పొద్దున్నే తడిచేత్తో తడిమానంతే. వేరు తెల్లబడితే దప్పికైనట్టు, పచ్చగా ఉంటే తాగినట్టు. అడిగినప్పుడే పెట్టాలి" అన్నాడు. ఆ మర్నాటి నుంచి ఆ పని నాకే అప్పజెప్పాడు.

రెండో వేసవిలో అది పూసింది. తాతయ్య దారినపోయేవాళ్ళను పిలిచి మరీ చూపించి, "మా మనవరాలు పూయించిందండి" అన్నాడు. తన ఊసే ఎత్తలేదు. కాకుమాను నుంచి వచ్చిన చుట్టం ఒకాయన బదనికను ఇంట్లో పెట్టుకోవటం ఏంటని వెక్కిరించబోతే, "ఇది బదనిక కాదు బావా, మా పిల్ల పంట" అని నోరు మూయించాడు.

ఇప్పుడు తెనాలిలో మా ఫ్లాటు బాల్కనీలో పద్నాలుగు చిన్న ఆర్కిడ్లు ఉన్నాయి. అన్నీ తేమ లేనిదే బతకని సుకుమారాలు. కొబ్బరి డొక్కల మీద కట్టి, కింద తడి ఇసక తట్టలు పెట్టాను. ఈ ఎండలకు అవి ఆగవన్నవాళ్ళే వచ్చి ఫోటోలు తీసుకుపోతున్నారు. గర్వమా అంటే, గర్వమే.

పోయినేడు మా మనవరాలు ఒకదాన్ని నీళ్ళతో ముంచేసింది. కుళ్ళు కత్తిరించి, మళ్ళీ కట్టి, చెంబు దాచేశాను. తర్వాత ఆ పిల్లే తడిచేత్తో దాన్ని సాకింది. మొన్న పూసింది. పక్కింటావిడ చూసి, "మీ చేతి చలవండి" అంది.

"నాదేముందండి, మా మనవరాలు పూయించింది" అన్నాను.

పక్కనే ఉన్న ఆ పిల్ల వెన్ను నిటారైంది. ఆనాడు వేమూరు వసారాలో నాదీ అలాగే నిటారైంది. డెబ్భై దాటినా ఇంకా వంగలేదు.