మావయ్య చెవులు బాగానే ఉండేవి

ఏడేళ్ళయింది. ఇన్నేళ్ళలో ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకి కూడా. ఎన్నోసార్లు నోటి దాకా వచ్చింది, మింగేశాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీ దగ్గర నోరు విప్పుతున్నాను. చక్కగా వినే ఒక మనిషిని, నీకు వినపడటం లేదని నమ్మించాను. చేసిన తప్పు అదీ. మిగతాదంతా దానికి నేను చెప్పుకునే కారణాలు.

ఆయన నాకు సొంత మావయ్య కాదు. భిలాయి సెక్టర్ 6లో మా క్వార్టరు, వాళ్ళ క్వార్టరు ఒకే గోడకి అటూ ఇటూ ఉండేవి. మా నాన్నా ఆయనా విజయనగరం వైపు నుంచి ఒకే ఏడు వచ్చి ఉక్కు ప్లాంటులో చేరారు. మావయ్య రోలింగ్ మిల్లులో బేరింగులు చూసేవాడు. తిరుగుతున్న మిషను మీద పొడుగాటి స్క్రూడ్రైవరు ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని, లోపల ఏం అరిగిందో చెప్పేసేవాడు. ఆ చెవులంటే ఆయనకి గర్వం. ఒప్పుకుంటాను, మాకు కూడా గర్వమే.

రిటైరయ్యాక స్మృతి నగర్‌లో ఇల్లు కట్టుకుని, వెనక గది గోడలకి పాత పరుపులు కొట్టి రికార్డింగు గది చేశాడు. క్యాంప్ 2 అనే పేటలో మా వైపు ముసలమ్మలు ఇంకా కొంతమంది ఉన్నారు. పెళ్ళిపాటలు, ఊడ్పుల పాటలు వాళ్ళతోనే పోతాయని ఆయన బెంగ. నేనప్పుడు ఒక కాలేజీలో కంప్యూటర్ ల్యాబు చూసేదాన్ని. పాడించేది ఆయన, రికార్డు చేసేది ఇద్దరం. ఏ గొంతు ఎంత పైకి రావాలో తేల్చేది ఆయన, దాన్ని కంప్యూటరుతో చేయించేది నేను. మూడేళ్ళు ఒక్క ఆదివారం ఇంట్లో ఉండలేదు.

కంప్యూటర్లో లినక్స్ వేసింది నేనే. పాటలు కలిపే సాఫ్ట్‌వేర్‌లో ఒక ప్లగిన్ వాడేవాళ్ళం. వెనక ఫ్యాను హోరు తీసేసి గొంతుని ముందుకు తెచ్చే చిన్న ప్రోగ్రాము అది. దానికి కొత్త వెర్షన్ వచ్చినప్పుడు చిక్కు మొదలైంది. కొత్తది హోరుని బాగా తీసేది గానీ, దాంతోపాటు తాళాల మోతని, గాజుల గలగలని కూడా తినేసేది. ఫోన్లలో తీసిన గోల గోల రికార్డింగులకి అదే నయం. పాత పాటలకి పాతదే కావాలి. రెండింటికీ పేరు ఒకటే కాబట్టి కంప్యూటరు ఒక్కదాన్నే పట్టుకునేది. రెండు రోజులు కుస్తీ పట్టి రెండు వెర్షన్లనీ వేరువేరు ఫోల్డర్లలో పెట్టాను. ఏ ఫోల్డరులో వెతకాలో ముందే చెప్పే చిన్న ఫైళ్ళు రెండు రాసి, తెర మీద రెండు బొమ్మలు పెట్టాను. ఒకటి ‘పాతది’, ఒకటి ‘కొత్తది’. మావయ్య మురిసిపోయాడు. “ఒకే పేరున్న ఇద్దరు కోడళ్ళని ఒకే వంటింట్లో పెట్టీసినావే” అని నవ్వాడు.

ఆ తర్వాత నాలుగు నెలలకి తెలుగు సంఘం వాళ్ళు మా పాటల్ని సీడీగా విడుదల చేశారు. హాలు నిండిపోయింది. నా చేతికి సీడీ కవరు వచ్చింది. పాడిన వాళ్ళ పేర్లున్నాయి. ‘సేకరణ, ధ్వని’ అన్న చోట ఆయన పేరుంది. నాది లేదు. అచ్చు తప్పేమో అనుకున్నాను. సంఘం సెక్రటరీ దగ్గర ఆ పేర్లు రాసిచ్చిన కాగితం చూశాను, అది మావయ్య దస్తూరీనే. వేదిక మీద ఆయన నన్ను చూపించి, “కంప్యూటరు పాడైతే బాగుచేసీది మా పిల్లే” అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కూడా కొట్టాను.

ఈ ముక్క రాస్తుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతోంది. పరాయివాడు చేస్తే నాలుగు దులిపి ఇంటికి వచ్చేదాన్ని. ఈయన నన్ను సైకిలు ముందు కూర్చోబెట్టుకుని తిప్పిన మనిషి. ఎందుకు చేశాడు? మర్చిపోయాడా? అవసరం లేదనుకున్నాడా? ఆడపిల్ల పేరెందుకు అనుకున్నాడా? అడగలేదు. అడిగితే గోటితో పోయేది. నేను గొడ్డలి దాకా తెచ్చాను.

మరుసటి ఆదివారం ఆయన కంటే ముందే ఆ గదికి వెళ్ళాను. ‘పాతది’ బొమ్మ వెనకున్న ఫైలు తెరిచి ఒక్క లైను మార్చాను. ఇక ఆ బొమ్మ నొక్కినా కొత్త వెర్షనే వస్తుంది. తెర మీద కిటికీ అదే, మీటలు అవే, అంకెలు అవే. మెనూలోకి వెళ్ళి వెతికితే తప్ప తేడా కనపడదు. నేననుకున్నది ఇంతే: ఆయన తికమక పడతాడు, కంప్యూటరుని తిడతాడు, నన్ను పిలుస్తాడు, నువ్వు లేకపోతే ఇదేదీ నడవదమ్మా అంటాడు. ఆ మాట ఒక్కటి వినాలనిపించింది.

ఆయన ‘పాతది’ నొక్కి ఒక ఊడ్పుల పాట తెరిచి హెడ్‌ఫోన్ పెట్టుకున్నాడు. విన్నాడు. మళ్ళీ మొదటి నుంచి విన్నాడు. కుడివైపుది ఎడమకి మార్చుకుని విన్నాడు. కంప్యూటరుని ఒక్క మాట అనలేదు.

“తాళాలు ఇనపడతన్నాయేటమ్మా నీకు?” అన్నాడు.

నేను కుర్చీ దగ్గరికి లాక్కున్నాను.

“మిల్లులో ఒక్కడి మాట మీద బేరింగు మార్చీవోళ్ళం కాదు. రెండోవోడు కూడా ఇని అవునంటేనే మిషను ఆపాల. నువ్వు ఇని సెప్పు” అని హెడ్‌ఫోన్ నా చేతికిచ్చాడు.

పెట్టుకున్నాను. తాళాలు లేవు. గాజులు లేవు.

“బాగానే వినిపిస్తున్నాయి మావయ్యా.”

“గాజులు?”

“అవి కూడా.”

ఆయన హెడ్‌ఫోన్ తీసుకుని బల్ల మీద పెట్టేశాడు. “ఐతే నావే పోనాయన్నమాట. క్యా కరే, ఏటి సేస్తాం. అంత హోరులో బతికినోడికి ఇన్నాళ్ళుండడమే ఎక్కువ” అన్నాడు.

లైను మార్చడం కోపంతో చేసిన పని, దాన్ని చిలిపితనమని నన్ను నేను సముదాయించుకోగలను. కానీ హెడ్‌ఫోన్ పెట్టుకుని, ఆయన ముఖం చూస్తూ, ఆ ముఖంలో భయం మొదలవడం చూస్తూ, ఒక్క మాటతో దాన్ని తీసేయగలనని తెలిసి కూడా ‘అవి కూడా’ అన్నానే, ఆ రెండు మాటల్ని ఏమనాలి? వాటిలో కోపం లేదు. సంతోషం ఉంది. కొద్దిగానే, కానీ ఉంది.

అప్పటికే విడుదలైన ఏ పాటనైనా ఫోన్లో పెట్టుకుని విన్నా నేను దొరికిపోయేదాన్ని. ఆయన వినలేదు. రెండోవాళ్ళు విన్నాక మళ్ళీ చూడటం ఆయన పద్ధతి కాదు. డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. ఈ వయసుకి, ఆ ఉద్యోగానికి కొంచెం తగ్గడం మామూలేనన్నాడట డాక్టరు. ఆ ‘కొంచెం’ మావయ్యకి చాలింది. నాకూ చాలింది. పరీక్షలోనే తేలిందిగా, నేను చేసిందేముందని చాలాకాలం ఆ కాగితం వెనక దాక్కున్నాను.

వారానికి లైను సరిచేశాను. తాళాలు తిరిగొచ్చాయి. మావయ్య రాలేదు. గది తాళంచెవి నాకు పంపించేసి, “ఇంక నువ్వే సూసుకో” అన్నాడు. రెండో సంపుటి నేనే చేశాను. కవరు మీద ధ్వని అన్న చోట నా పేరొక్కటే ఉంది. విడుదల రోజు ఆయన ముందు వరుసలో కూర్చుని, పక్కవాళ్ళతో మా పిల్ల చెవులు చాలా పదునని చెప్పుకున్నాడు. నా పేరు తీసేసిన మనిషే. నేను ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో నాకప్పుడు తెలియలేదు. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

పాడించడం కూడా మానేశాడు. క్యాంప్ 2 వైపే వెళ్ళేవాడు కాదు. వినలేనివాడు వెళ్ళి ఏం చేస్తాడు? ఈ ఏడేళ్ళలో ముగ్గురు ముసలమ్మలు పోయారు. వాళ్ళ దగ్గర ఏయే పాటలు మిగిలున్నాయో ఆయనకే తెలుసు.

ఇప్పుడు ఆయనకి నిజంగానే వినపడదు. వయసు తన పని తాను చేసింది. పోయిన నెల చూడటానికి వెళ్ళాను. అత్త టీ ఇచ్చి లోపలికి వెళ్ళింది. ఎదురుగా కూర్చుని, మొత్తం చెప్పాను. లైను సంగతి, తాళాల సంగతి, అన్నీ. ఆయన చిరునవ్వుతో వింటున్నట్టే ఉన్నాడు. అంతా అయ్యాక, “ఏటమ్మా?” అన్నాడు.

“టీ బాగుంది అన్నాను మావయ్యా.”

చెవి మిషను టీవీ మీద ఉంది. నేను మొదలుపెట్టక ముందే చూశాను. చూసే మొదలుపెట్టాను. మీకు చెప్పకూడదనుకున్న ముక్క ఇదొక్కటే, అది కూడా అయిపోయింది.

ఆయన చూపుకి మాత్రం ఏమీ కాలేదు. తెలుగు అచ్చులో ఏది చేతికొచ్చినా చివరి దాకా చదువుతాడు. ఇది ఆయన చేతికి రావచ్చు. వస్తే ఎవరి గురించో ఆయనకి ఒకరు చెప్పక్కర్లేదు. క్షమించమని అడగను. నా పేరు ఎందుకు తీసేశావని కూడా ఇప్పుడు అడగను, ఆ హక్కు నేనే పోగొట్టుకున్నాను. నన్ను విని చెప్పమన్నాడు, అబద్ధం చెప్పాను. ఇప్పుడు నిజం చెబుతున్నాను.

ఆ రోజు తాళాలు నాకూ వినపడలేదు, మావయ్యా.