గోటి గుర్తు బిల్లలు

ఇన్నేళ్లూ ఇది రాయకపోవడానికి పెద్ద కారణమేమీ లేదు. నాకు అప్పట్లో రాయడం రాదు. మా ఊరి బడి పటేళ్ల పిల్లల కోసమే ఉండేది. నాకు ఊహ తెలిసేసరికే చేతికి మట్టి అంటుకుని ఉంది. తర్వాత పెళ్లి, పిల్లలు, నాట్లు, కలుపులు. మనవరాలు పలక పట్టిన రోజుల్లో దాని పక్కన కూర్చుని నేనూ దిద్దాను. అప్పటికి నా తల పూర్తిగా నెరిసింది. అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చాక రాయాలనుకున్న మొదటి సంగతి ఇదే. చదివి నొచ్చుకోవడానికి ఇప్పుడు అవ్వా లేదు, నాయినా లేడు.

మాది పాలకుర్తికి లోపలగా ఉన్న ఊళ్లో కుమ్మరి ఇల్లు. అమ్మను మేం అవ్వ అనేవాళ్లం. ముసురు పట్టిందంటే మాకు పని ఉండదు, చేసిన కుండ ఆరదు. అలాంటి రోజుల్లో మా ఇంట్లో బిల్లలాట ఆడేవాళ్లం. కూలిన ఇంటి నుంచి నాయిన తెచ్చిన పాత తలుపు రెక్క ఒకటి ఉండేది. దాన్ని రెండు ఇటుకల మీద పరిచి, నున్నగా జారడానికి తవుడు చల్లేవాళ్లం. అవతలి అంచుకు బెత్తెడు ఇవతల సున్నంతో గీత. అరచేతి మడమతో బిల్లను తోయాలి. గీత దాటి అంచు మీద నిలిస్తే గట్టెక్కినట్టు. జారి కింద పడితే ‘బాయిల పడ్డది’, అంటే బావిలో పడిందని, అరిచేవాళ్లం. ఎదుటివాళ్ల బిల్లను కొట్టి పడేయవచ్చు కూడా. పొయ్యి మీద అన్నం ఉడికే లోపల ఒక ఆట అయిపోయేది.

బిల్లలు నాయినే చేసి కుండలతోపాటు ఆవంలో కాల్చేవాడు. మనిషికి నాలుగు. మట్టి పచ్చిగా ఉన్నప్పుడే ఎవరి గుర్తు వాళ్లు వేసుకోవాలి. నాయినది వేలితో గీసిన గీత. అవ్వ వడ్లగింజ అద్దేది. కాలాక గింజ పోయి దాని గుంట మిగిలేది. నాది చిటికెన వేలి కొన. అన్న బొటనవేలి గోరు గుచ్చేవాడు, నెలవంక లాగా పడేది. ఎవరైనా ఊళ్లో లేకపోతే వాళ్ల బిల్లలు కూడా పరిచి, ఇంట్లో చిన్నవాళ్లు వాళ్ల వంతు ఆడాలి. ఆడపిల్లకు పెళ్లయితే ఒడిబియ్యంలో కట్టి పంపుతారు. చనిపోతే మూడో రోజు పగలగొట్టి మట్టి గుంతలో కలిపేస్తారు. మా నాయినమ్మవి అలాగే కలిపారు.

అన్న రజాకార్ల కాలంలో ఊరి కావలికి పోయి, అక్కడినుంచి అటే దళంలోకి పోయాడు. రజాకార్లు పోయి మిలటరీ వచ్చినా వాడు రాలేదు. దొర గడీలో క్యాంపు పెట్టారు. అనుమతి లేకుండా ఆవం అంటించవద్దని ఊళ్లో టముకు వేయించారు. దళంలో మనిషి ఉన్న ఇళ్లలో తండ్రులను గడీకి తీసుకుపోతున్నారు. మా వీధి చాకలాయన అక్కడినుంచి ఇద్దరి భుజాల మీద వచ్చాడు, మళ్లీ రేవుకు పోలేదు.

అందుకని అవ్వ ఒక మాట పుట్టించింది. అన్న మానుకోటకు, అంటే మహబూబాబాదుకు, రైలు స్టేషన్లో బస్తాలు మోయడానికి పోయి గత్తర రోగం తగిలి చనిపోయాడని. ఊరు నమ్మాలని పిట్టకు కూడా పెట్టారు. కాకి ముట్టిన అన్నం ముందు కూర్చుని అవ్వ ఏడ్చిన ఏడుపు చూసి నేను కూడా కాసేపు నమ్మాను. చేయవలసినవన్నీ చేసింది. బిల్లలు మాత్రం పగలగొట్టలేదు. అవి పగలగొడితే బతికున్నవాడిని చంపినట్టేనని ఆమె నమ్మకం. తవుడు కుండలో దాచి, ముసురు రోజున తలుపు దగ్గరగా వేసి పరిచేది. వాడి వంతు నేను ఆడేదాన్ని.

ఆ రోజు కూడా అలాగే ఆడుతున్నాం. మధ్యాహ్నమే ఇల్లంతా చీకటిగా ఉంది. తలుపు నెట్టుకుని, పటేలు చెప్పిన పనులు చేసే మస్కూరి లోపలికి వచ్చాడు. వాడు మాకు తెలిసినవాడే, కుండలు మోసుకుపోతూ అప్పుడప్పుడు మాతో ఆట కూడా ఆడేవాడు. వాడి వెనక క్యాంపు జమేదారు, ఇద్దరు సిపాయిలు.

“వదినె, జర దీపం పెట్టు. సారు ఇల్లు సూస్తడట.”

“సూడుమను తమ్మీ. కుండలు తప్ప ఏమున్నయి ఈడ?” అంది అవ్వ.

సిపాయిలు గడ్డిలో తుపాకీ కొనలు గుచ్చి చూశారు. జమేదారు తలుపు రెక్క దగ్గర ఆగి, ఏం ఆట ఇది అని ఉర్దూలో అడిగాడు. మస్కూరి చేతులు తిప్పుతూ చెప్పాడు. జమేదారు టోపీ తీసి, గొంతుక్కూర్చుని, నా బిల్ల ఒకటి తోశాడు. అది సర్రున పోయి అవతల పడింది.

“బాయిల పడ్డది సారు బిల్ల!” అని అరిచాడు మస్కూరి.

జమేదారు నవ్వాడు. అప్పుడు నాయిన కూడా నవ్వాడు, పళ్లు మాత్రమే కనిపించేలా. రెండో బిల్ల గట్టెక్కింది. జమేదారు సంబరంగా తొడ చరుచుకుని, మమ్మల్ని చూశాడు, బిల్లల కుప్పలను చూశాడు. మనుషులు ముగ్గురు, వాటాలు నాలుగు.

“చౌథా కిస్‌కా?”

నాలుగోది ఎవరిదని అడుగుతున్నాడని నాకు కూడా అర్థమైంది. అవ్వ తల ఎత్తకుండా, “సచ్చిపోయిన మా పెద్ద పిలగానియి సారూ” అంది.

మస్కూరి ఇంకా ఆట నవ్వులోనే ఉన్నాడు. “గదెట్ల వదినె? ముసలమ్మ పోయినప్పుడు మూడొద్దులకే పలగ్గొట్టి మట్టిల కలిపితిరి గద, నేనే సూస్తి. సచ్చినోళ్లయి మీ ఇంట్ల ఉంచరు గద...”

అనేశాక గానీ ఏమన్నాడో వాడికి తెలియలేదు. జమేదారు కొంత తెలుగు నేర్చాడు. మిగిలింది వాడి చేత ఉర్దూలో చెప్పించుకున్నాడు.

“మర్సిపోయిన్రు హుజూర్, దుఃఖంల మర్సిపోయిన్రు” అని మస్కూరి సర్దబోయాడు. చెంప మీద ఒకటి పడింది.

జమేదారు అన్న బిల్లలు నాలుగూ ఏరి అవ్వ ముందు పెట్టాడు. “అబ్ తోడో.” పగలగొట్టమని.

“చేతులు నొస్తున్నయి సారూ. పొద్దుగాల పలగ్గొడ్త.”

“అభీ.” ఇప్పుడేనని.

అవ్వ చేతులు కొంగులోకి లాక్కుంది. పగలకపోతే అన్న బతికే ఉన్నాడని వాళ్లకు తెలిసిపోతుంది, నాయిన గడీకి పోతాడు, అన్న కోసం అడవులు వెతుకుతారు. అది నాకు కూడా తెలుసు. అవ్వకు నాకంటే బాగా తెలుసు. అయినా ఆమె కదల్లేదు.

నాయిన లేచాడు. కుండలు చరిచే చెక్క తీసుకున్నాడు. “ఆడిది సారూ, దానికి పాణం ఒప్పది. నేను కొడ్త.”

కాలిన మట్టి పగిలే చప్పుడు వింటూ పెరిగినదాన్ని. చప్పుడును బట్టి కుండ ఎక్కడ విరిగిందో చెప్పగలను. ఆ నాలుగు చప్పుళ్లూ వేరు. నాయిన పెంకులన్నీ చేత్తో ఊడ్చి, వానలో బయటకు పోయి, మట్టి గుంతలో వేసి వచ్చాడు. జమేదారు టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. మస్కూరి గడప దగ్గర నిలబడి, “అన్నా...” అన్నాడు.

“పో తమ్మీ. వాన పెరుగుతది” అన్నాడు నాయిన.

వాళ్ల అడుగుల చప్పుడు పోయాక అవ్వ అంది: “నీ చేత్తోనే సంపితివి.”

“బతికించిన్నే.”

“ఎవల్ని? వాన్నా, నిన్నా?”

నాయిన చెక్కను గోడకు ఆనించాడు.

తర్వాత కొన్నాళ్లకు పోరాటం ఆగిపోయిందన్నారు. అడవుల్లోకి పోయినవాళ్లు ఒక్కొక్కరే బక్కచిక్కి తిరిగి వచ్చారు. అన్న రాలేదు. భూపాలపల్లి దిక్కు అడవిలో జ్వరంతో పోయాడని ఒకరు చెప్పారు. వాగు దాటుతుంటే కాల్చారని ఇంకొకరు. ఎప్పుడని అవ్వ అడిగింది. బిల్లలు పగిలిన వానాకాలమే చెప్పారు ఇద్దరూ. ఆమెకు అంతే చాలింది. నాయినకు అన్నం పెట్టింది, జ్వరం వస్తే కషాయం కాచి ఇచ్చింది, ఆయన పోయేదాకా ఆయనను పిలిచి ఒక్క మాట మాట్లాడలేదు. తలుపు రెక్క నీళ్ల గోలెం మీద మూత అయింది. మాలో ఎవరమూ మళ్లీ ఆడలేదు. నాయిన చేసింది తప్పా అంటే ఈ వయసులోనూ నేను చెప్పలేను. వేరే ఏం చేయగలిగేవాడని అడిగితే అదీ చెప్పలేను.

బిల్లలు పగిలిన మర్నాడు పొద్దున మాత్రం ఇవేవీ మాకు తెలియవు. వాన కాస్త తెరిపి ఇచ్చింది. నాయిన గడీకి నీళ్ల కుండలు మోసుకుపోయాడు. అవ్వ గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. నేను తడి గోనె కింద నుంచి పిడికెడు మట్టి తీసి, నాలుగు బిల్లలు తట్టాను. ఒక్కో దానిలో బొటనవేలి గోరు గుచ్చాను. నా గోరు చిన్నది, అన్న గుర్తులో సగం కూడా రాలేదు. చెరిపి, ఇంకా లోతుగా గుచ్చాను. ఆవం అంటించే వీల్లేదు, వీటిని ఎవరూ కాల్చరని తెలుసు. అయినా తలుపు రెక్క మీద తవుడు చల్లి, ఒకదాన్ని తోసి చూశాను. పచ్చి మట్టి, చెక్కకు అంటుకుపోయి కదల్లేదు. గోటితో మెల్లగా లేపి, మళ్లీ గుండ్రంగా చేసి, గుర్తు వేసి, నాలుగూ అన్న కూర్చునే వైపు పెట్టాను.