జోల్వా నుంచి వచ్చిన ఆసిలోస్కోపు

మొదటి లాక్‌డౌన్ ఎత్తేసినా మా కార్ఖానా తెరవలేదు. సొంతూరికి దూరంగా పరాయి రాష్ట్రంలో, జోల్వాలోని ఆ మరమగ్గాల షెడ్డులో పదకొండేళ్లు పనిచేశాను. మగ్గాల కంట్రోల్ బోర్డులు పాడైతే బాగుచేయడం నా పని. ఫోన్ చేసేదాకా ఆగమన్నాడు మా యజమాని సేఠ్. సగంమంది కరీంనగర్ వైపు ఊళ్లకు వెళ్లిపోయారు. నేనూ నా భార్యా మాత్రం, పిలవగానే వెళ్లొచ్చని, భేస్తాన్‌లోని అద్దె గదిలోనే ఉండిపోయాం.

పని లేకపోయేసరికి పాత సరదా ముందుకొచ్చింది. కిటికీ కింద బల్ల వేసుకుని ఆంప్లిఫయర్లు కట్టడం మొదలుపెట్టాను. మీటరుతో కొంతవరకే తెలుస్తుంది. కరెంటు అల ఎలా ఉందో కంటితో చూడాలంటే ఆసిలోస్కోపు కావాలి. కొత్తది కొనే తాహతు లేదు. ఫోనులో పాతవాటి ప్రకటనలు వెతికితే, అమ్మేవాళ్లంతా ఢిల్లీలోనో ముంబైలోనో ఉన్నారు. ముందు డబ్బు పంపమంటారు. ఆన్ చేసి వీడియో పెట్టమంటే మళ్లీ పలకరు.

"గా భంగార్ దుకాణంల అడుగరాదు? టీవీలు గిట్ల అన్నీ అండ్లనే పడేస్తరు," అంది నా భార్య.

ఆ పాత సామాన్ల దుకాణం నడిపేది మా దిక్కు మనిషే. ఒకప్పుడు మగ్గం నడిపినవాడు. మాస్కు గడ్డం కిందికి లాక్కుని నా మాటంతా విన్నాడు.

"చిన్న టీవీ లెక్కుంటది, ముందట గుండ్రటి బటన్లుంటయి. గదేనా?"

"గదే అన్నా."

ఇనుప సామాను వెనక నుంచి మోసుకొచ్చి బల్ల మీద పెట్టాడు. దుమ్ము తుడిచి ప్లగ్గు పెట్టాను. కాసేపటికి తెర మీద ఆకుపచ్చ గీత నిలబడింది. ప్రోబు అనే కొలిచే తీగ మొనకు వేలు ఆనించగానే ఆ గీత అలలా లేచింది. సంతోషంతో మళ్లీ మళ్లీ వేలు ఆనించి చూశాను. అతను చెప్పిన ధర నేను భయపడిన దాంట్లో పావు వంతు కూడా లేదు.

తీగ చుట్టుకుందామని దాన్ని వెనక్కి తిప్పాను. మూల మీద తెల్లటి టేపు ముక్క. దాని మీద 'రెండో ఛానల్ ఖరాబ్' అని తెలుగులో రాసుంది. ఆ రాత నాదే; కార్ఖానాలో నేను వాడిన స్కోపు మీద అంటించింది.

"అన్నా, ఇది యాడికెళ్లి వచ్చింది?" అన్నాను.

"జోల్వాకెళ్లి. ఆ కార్ఖానా మొత్తం లేపేసిండ్రు కదా. మగ్గాలన్నీ తునకలు చేసి తూకానికి ఇచ్చిండ్రు. ఏందట్ల చూస్తున్నవ్?"

"నేను ఆడనే పని చేస్త."

కుర్చీ నా వైపు జరిపాడు.

నమ్మలేక స్కూటర్ మీద జోల్వా వెళ్లాను. గేటుకు తాళం కూడా లేదు. లోపల మగ్గాలు నిలబడిన చోట గచ్చు మీద నూనె మరకలు, కోసేసిన బోల్టుల మొదళ్లు. నా పనిగదికి తలుపు కూడా మిగల్లేదు. అంత పెద్ద షెడ్డులో నా చెప్పుల చప్పుడే నాకు వినబడింది. అక్కడే నిలబడి సేఠ్‌కు ఫోన్ చేశాను.

"సేఠ్‌జీ, సబ్ బిక్ గయా?" అన్నాను. అంతా అమ్మేశారా అని.

"కిస్ మూహ్ సే బోల్తా, భాయ్?" అన్నాడు. ఏ ముఖంతో చెప్పమంటావని. ఆయన ఏడుస్తున్నాడు. తిడదామనుకున్నవాణ్ని, ఫోన్ పెట్టేశాను.

సాయంత్రం దుకాణంలో డబ్బిచ్చి స్కోపు తెచ్చి బల్ల మీద పెట్టి, జరిగింది చెప్పాను. నా భార్య దాన్ని వెనక్కి తిప్పి నా రాత చూసింది.

"ఊరికి పోయినోళ్లకు ఎవలన్న చెప్పిండ్రా?"

ఆ ఆలోచనే నాకు రాలేదు. వెంటనే నా పనిగది పక్క మగ్గాలు నడిపే, ఊరికి పోయిన అతనికి ఫోన్ చేశాను. ఎత్తగానే అతనే అన్నాడు: "నేనే జేద్దామనుకుంటున్న. టికెట్ దొరికింది, రేపు బండెక్కుతున్న."

"ఎక్కకు," అన్నాను. కార్ఖానా అమ్మేసిన సంగతి చెప్పాను.

వారం రోజులు ఆ స్కోపును ముట్టుకోలేదు. తర్వాత రెండో ఛానల్ విప్పి బాగుచేశాను. నెల తిరిగేసరికి వడోద్‌లోని ఒక షెడ్డు వాళ్లు బోర్డులు తెచ్చివ్వడం మొదలుపెట్టారు. ఇంటి దగ్గరే పని దొరికింది. బండెక్కొద్దన్న అతన్ని కూడా పిలిపించి, అదే షెడ్డులో మగ్గాలు ఇప్పించగలిగాను. కానీ చాలా రోజుల వరకు, ఎవరైనా పాత సామాను తెచ్చి చూపిస్తే, దాని వెనక వైపు చూడాలంటే భయం వేసేది.